పిల్లలు బడికి నడిచి, సైకిల్ తొక్కుతూ క్షేమంగా వెళ్లాలంటే: చెయ్యి పట్టుకునే రోజుల నుంచి ఒంటరిగా పంపే దాకా

"స్కూలు దగ్గరే కదా, నడిచి వెళ్లొచ్చుగా" అంటే చాలామంది తల్లిదండ్రుల జవాబు ఒకటే: "వెళ్లొచ్చు, కానీ ఆ ట్రాఫిక్‌లో ఎలా పంపిస్తాం?" ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 29 ఏళ్ల వాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ బడి వదిలే వేళకు ఒకసారి గేటు ముందు నిలబడి చూడండి. అక్కడ ఇరుక్కుని హారన్లు కొడుతున్న బండ్లలో చాలావరకు పిల్లల్ని ఎక్కించుకోవడానికి వచ్చినవే. ట్రాఫిక్‌కి భయపడి మనం బండి తీస్తాం, మన బండిని చూసి పక్కింటివాళ్లు తీస్తారు. గేటు దగ్గర ప్రమాదం అలాగే పెరుగుతుంది.

అదే సంస్థ 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే కదలిక ఉండాలంటుంది. రానూ పోనూ పావుగంట చొప్పున చురుగ్గా నడిస్తే అందులో సగం దారిలోనే తీరిపోతుంది. దానికి వేరే క్లాసు, వేరే ఫీజు అక్కర్లేదు.

ఇక అసలు విషయం. "రోడ్డు మీద జాగ్రత్తగా వెళ్లు" అన్న మాట పిల్లలకు దాదాపు ఏమీ చెప్పదు. జాగ్రత్త అంటే ఎక్కడ ఆగాలి, ఏ వైపు చూడాలి, ఏం కనిపిస్తే కదలకూడదు? ఇవన్నీ ఒక దారి పట్టుకుని, ఆ దారిలోనే నేర్పాలి. నేర్పినదాన్ని కొంచెం కొంచెంగా వాళ్లకే అప్పగించాలి. కింద రాసినదంతా ఆ వరుసలోనే ఉంది.

1. ముందు మీరొక్కరే నడిచి దారి ఎంచుకోండి

పిల్లల్ని తీసుకెళ్లకముందు ఒక పనిరోజున, సరిగ్గా బడి వేళకు, మీరొక్కరే నడిచి రండి. ఆదివారం పొద్దున నడిస్తే ప్రతి రోడ్డూ మంచిదిగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం లేదా సాయంత్రం బడి వదిలే సమయానికి ఇంకోసారి నడవండి. పొద్దున ఖాళీగా ఉన్న సందు సాయంత్రానికి బండ్లతో నిండిపోవచ్చు.

దగ్గరి దారే మంచి దారి అనుకోవద్దు. నా లెక్కలో మొదట చూడాల్సింది ఎన్ని చోట్ల రోడ్డు దాటాలన్నది. ఆ తర్వాత బండ్ల వేగం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 8 మీటర్లు దాటుతుంది. 50తో వచ్చేది దాదాపు 14 మీటర్లు. డ్రైవరు పిల్లాణ్ని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే ఒక సెకను గడిచిపోతుంది, అప్పటికింకా బండి ఆగడం మొదలే కాలేదు. దెబ్బ బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. 30కీ 50కీ మధ్య ఆ శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. అందుకే ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా చిన్న వీధుల్లోంచి తిరిగి వెళ్లే దారినే తీసుకోండి.

రెండు మూడు వరుసల్లో బండ్లు వెళ్లే రోడ్డును వీలైతే దారిలోంచి తప్పించండి. అక్కడ పొంచి ఉండే ప్రమాదం ఒకటుంది. మొదటి వరుసలో బస్సు మర్యాదగా ఆగుతుంది, పిల్లలు కదులుతారు, బస్సు చాటు నుంచి రెండో వరుసలో ఇంకో బండి దూసుకొస్తుంది. దాటక తప్పకపోతే సిగ్నల్ ఉన్నచోటో, మధ్యలో ఆగడానికి డివైడర్ ఉన్నచోటో దాటేలా దారి మార్చుకోండి.

ముఖ్యమైన మలుపుల్లో ఒక్క నిమిషం మోకాళ్ల మీద కూర్చుని చూడండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నిలబడితే మీకు కనిపించే రోడ్డు, మీ పాప ఎత్తు నుంచి చూస్తే ఒక చెత్తడబ్బా, ఒక పార్క్ చేసిన కారు బానెట్, అంతే. తనకి బండి కనిపించదు, బండి నడిపేవాళ్లకి తనూ కనిపించదు.

బడి నిజంగానే దూరమైతే దీన్నంతా వదిలేయక్కర్లేదు. గేటు దాకా వెళ్లకుండా కాస్త ముందే ఒక నెమ్మది వీధిలో బండి ఆపి, మిగతా దూరం నడవండి. గేటు దగ్గర రద్దీ కూడా అంత మేర తగ్గుతుంది.

2. మీ పిల్లలకు ఏది చేతకాదో తెలుసుకోండి

పిల్లలు మాట వినక రోడ్డు మీద తప్పులు చేస్తారని మనం అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. ఎదురుగా వచ్చే బండి వేగాన్ని అంచనా కట్టే శక్తి వాళ్లకి ఇంకా రాలేదు. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, గంటకు 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు దాటిన వేగాన్ని ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు సరిగా పసిగట్టలేకపోతున్నారని తేలింది. దూరంగా ఉన్న బండి వేగంగా వస్తోందా, నెమ్మదిగా వస్తోందా, లేక ఆగి ఉందా అన్నది వాళ్ల కంటికి తేలికగా తెలియదు.

కాబట్టి "బండి దూరంగా ఉంటే దాటు" అని చిన్నపిల్లలకు చెప్పకండి. "బండి కనిపిస్తుంటే దాటకు" అని చెప్పండి. ఈ మాట పాటిస్తే కాసేపు ఎక్కువ నిలబడాల్సి వస్తుంది, నిలబడనివ్వండి.

వయసు సంగతికొస్తే, తొమ్మిది పదేళ్ల లోపు పిల్లలు రద్దీ రోడ్డును పెద్దల తోడు లేకుండా దాటకపోవడమే మంచిది. అయితే పదేళ్లు నిండిన మర్నాడే అన్నీ వచ్చేయవు. స్నేహితుణ్ని చూడగానే రోడ్డును మరిచిపోయే పన్నెండేళ్లవాడూ ఉంటాడు, ప్రతి మూలా ఆగి చూసే తొమ్మిదేళ్ల పిల్లా ఉంటుంది. మీ పిల్లలు ఏ రకమో ఇంకెవరూ చెప్పలేరు.

3. నడక నేర్పండి

మొదటి రోజుల్లో చెయ్యి పట్టుకునే నడవండి, కానీ నోరు మూసుకుని నడవకండి. మీరు అలవాటుగా చేసే పనుల్ని పైకి చెప్పండి. "ఇక్కడ ఆగుతున్నా. ఆ తెల్ల కారు వెనక లైటు వెలిగింది, వెనక్కి వస్తుందేమో. వచ్చేశాక వెళ్దాం." ఇలా కొన్నాళ్లు గడిచాక ఆ మాటలు వాళ్లచేత చెప్పించండి: "ఇప్పుడు నువ్వు నన్ను దాటించు." ఈ ఒక్క మార్పు ఎంత పని చేస్తుందో చేసి చూస్తేనే తెలుస్తుంది. లాక్కెళ్తుంటే దిక్కులు చూసే పిల్లలే, అమ్మనో నాన్ననో దాటించే బాధ్యత ఇస్తే బొమ్మలా నిలబడి చూస్తారు.

దాటే పద్ధతి: రోడ్డు అంచుకు ఒక అడుగు వెనకే ఆగాలి. మనకు దగ్గరి వరుసలో బండ్లు ఏ వైపు నుంచి వస్తాయో ముందు అటు చూడాలి, తర్వాత రెండో వైపు, మళ్లీ మొదటి వైపు. బండ్లు ఎడమ పక్కన నడిచే దేశాల్లో అది కుడి, ఎడమ, మళ్లీ కుడి. చప్పుడు కూడా వినాలి, అయితే ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాక చెవుల్ని మాత్రమే నమ్ముకోవడం కుదరదు. ఖాళీ అయ్యాక తిన్నగా, పరుగెత్తకుండా, చూస్తూనే దాటాలి. పరుగులో కాలు జారితే పడేది రోడ్డు మధ్యలోనే.

ఆగి ఉన్న బండ్ల మధ్య నుంచి దాటడం అన్నిటికన్నా ప్రమాదం. వద్దనే చెప్పండి. కానీ కొన్ని వీధుల్లో ఖాళీ జాగా అసలు దొరకదు, అప్పుడెలాగో కూడా నేర్పకపోతే వాళ్లకు తోచినట్టు దాటుతారు. ముందు ఆ రెండు బండ్లలో మనుషులున్నారా, ఇంజిన్ ఆడుతోందా చూడాలి. లేదని తేలాకే మధ్యలోకి రావాలి. బండి బయటి అంచు దగ్గర మళ్లీ ఆగాలి. పిల్లలకు అసలు రోడ్డు మొదలయ్యేది అక్కడే, ఫుట్‌పాత్ అంచు దగ్గర కాదు. అక్కడ తల మాత్రం ముందుకు పెట్టి రెండు వైపులా చూసి అప్పుడు కదలాలి. ఇది మాటలతో రాదు. ఆగి ఉన్న ఒక కారు పక్కన నిలబడి, "ఇదిగో, ఈ అంచు" అని వేలితో చూపించి చేయించాలి.

జీబ్రా క్రాసింగ్ గీతలు బండిని ఆపవు. డ్రైవరు ఆపాలి. కాబట్టి చక్రాలు పూర్తిగా నిలిచాయా, డ్రైవరు మనవైపు చూశాడా అని రెండూ చూసుకోవాలి. సిగ్నల్ దగ్గర నడిచేవాళ్ల కోసం పచ్చబొమ్మ వెలిగినా మలుపు తిరిగే బండ్లు రావచ్చు. ఇక ఇయర్‌ఫోన్లు, ఫోను సంగతి: దారిలో బ్యాగులోనే ఉండాలి, మనవి కూడా.

ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా బండ్లు వచ్చే వైపు అంచున, ఒకరి వెనక ఒకరు నడవాలి. వెనక నుంచి వచ్చేదాన్ని చూడలేం, ఎదురుగా వచ్చేదైతే కనిపిస్తుంది, పక్కకు తప్పుకోవచ్చు.

4. పట్టు కొంచెం కొంచెంగా వదలండి

చెయ్యి పట్టుకుని నడిపించడానికీ ఒంటరిగా పంపడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. చాలామంది ఈ మెట్లు ఎక్కకుండానే ఒకరోజు హఠాత్తుగా "నువ్వు పెద్దవాడివయ్యావు, ఇక వెళ్లు" అంటారు.

చెయ్యి వదిలి పక్కన నడవడం మొదటిది. తర్వాత వాళ్లు ముందు, మీరు పది అడుగుల వెనక. ఏమీ చెప్పకుండా చూస్తూ ఉండండి, ప్రమాదం ఉంటే తప్ప నోరు తెరవొద్దు. ఆ తర్వాత సగం దారిలో ఆగిపోయి మిగతాది ఒక్కరినే వెళ్లనివ్వడం. అది కుదిరాక స్నేహితులతో కలిసి మొత్తం దారి. కొందరికి ఒక్కో మెట్టు వారంలో అయిపోతుంది, కొందరికి నెలలు పడుతుంది. తప్పు చేస్తే రోడ్డు మీద కేకలు వేయకండి. "రేపట్నుంచి కొన్నాళ్లు మళ్లీ కలిసి నడుద్దాం" అని ఒక మెట్టు దిగితే చాలు.

ఒంటరిగా పంపే ముందు ఇవి అడగండి: మామూలు దారి మూసేస్తే ఏం చేస్తావు? తెలియని మనిషి "మీ నాన్న పంపారు, బండెక్కు" అంటే? కుక్క అడ్డంగా వస్తే? మొదటిదానికి రెండో దారి కూడా నడిపించి చూపాలి. రెండోదానికి ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక రహస్య మాట పెట్టుకోండి, అది చెప్పనివాళ్లతో వెళ్లకూడదు. కుక్క ఎదురైతే పరుగెత్తకూడదు, దాని కళ్లలోకి చూడకూడదు, కదలకుండా నిలబడి మెల్లగా వెనక్కి తగ్గాలి. సైకిల్ మీద ఉంటే దిగి, సైకిల్‌ని తనకీ కుక్కకీ మధ్య పెట్టుకోవాలి.

దారిలో నీళ్లు కావాలన్నా, భయమేసినా, దెబ్బ తగిలినా వెళ్లి తలుపు తట్టదగ్గ రెండు మూడు ఇళ్లు ముందే మాట్లాడి పెట్టండి. నా దృష్టిలో జీపీఎస్ వాచీ కన్నా ఇవే నయం. పిల్లాడు ఎక్కడున్నాడో వాచీ చెబుతుంది, కానీ తలుపు తీయలేదు కదా.

5. నలుగురు కలిస్తే నడిచే బస్సు

పెద్దలు ముందూ వెనకా ఉండి, పిల్లల గుంపును ఒకే దారిలో, ఒకే వేళకు నడిపించుకుంటూ వెళ్లే పద్ధతిని నడిచే బస్సు అంటున్నారు. 1990లలో ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ ఈ ఆలోచనకు ప్రచారం తెచ్చారు. జపాన్‌లోనైతే పెద్ద తరగతి పిల్లలు ముందుండి చిన్నవాళ్లను జట్లుగా బడికి తీసుకెళ్లడం ఎప్పటి నుంచో చాలా చోట్ల ఉంది.

మొదలుపెట్టడానికి రెండు కుటుంబాలు చాలు. వారానికి ఒక్క రోజుతో మొదలుపెట్టండి. ఐదు రోజులూ అని ఉత్సాహపడితే రెండో వారానికే ఆగిపోతుంది. ఎవరు ఏ రోజు వెళ్లాలో రాసి పెట్టుకోండి, రాలేకపోతే ముందు రాత్రే గ్రూపులో చెప్పాలి. ఒక్కో ఇంటి దగ్గర నిర్ణయించిన సమయానికి రెండు నిమిషాలకు మించి ఆగకూడదు. ఇది కఠినంగా అనిపిస్తుంది, కానీ ఆలస్యం మొదలైతే చివర్లో అందరూ పరుగెత్తాలి, ఆ పరుగే ప్రమాదం. ఐదారేళ్ల పిల్లలైతే ముగ్గురికి ఒక పెద్దమనిషి, కాస్త పెద్దవాళ్లయితే ఆరుగురికి ఒకరు ఉండేలా చూసుకోండి. దాటేటప్పుడు పెద్దలు ముందు దిగి, చివరి పిల్లాడు అవతల చేరేదాకా అక్కడే నిలబడాలి.

6. సైకిల్

సైకిల్ తొక్కడం రావడం వేరు, రోడ్డు మీద తొక్కడం వేరు. జర్మనీలో సాధారణంగా నాలుగో తరగతి పిల్లలకు పోలీసుల సాయంతో సైకిల్ శిక్షణ ఇచ్చి పరీక్ష పెడతారు. నెదర్లాండ్స్‌లోనూ ప్రాథమిక పాఠశాల ముగిసేలోపు ట్రాఫిక్ పరీక్ష రాస్తారు, రోడ్డు మీద తొక్కి చూపిస్తారు. సైకిల్‌కు పేరుపడ్డ దేశాలే ఇంత పట్టించుకుంటున్నాయంటే, మన పిల్లలకు కొన్ని సాయంత్రాలు ఖర్చు పెట్టడం ఎక్కువేం కాదు.

కొనేటప్పుడు "రెండేళ్లు పనికొస్తుంది" అని పెద్ద సైకిల్ తేకండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందుభాగం నేలకు ఆనాలి. సైకిల్ మధ్య కడ్డీకి ఇరువైపులా కాళ్లు పెట్టి నిలబడితే కడ్డీకీ ఒంటికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. చేతివేళ్లు బ్రేకులను అందుకుని గట్టిగా నొక్కగలగాలి. ఈ మూడోది చాలామంది చూడరు.

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన, నుదుటిని కప్పుతూ ఉండాలి. వెనక్కి వాల్చి టోపీలా పెడితే నుదురు బయటే ఉంటుంది. పట్టీలు చెవి కింద ఇంగ్లిష్ అక్షరం వీ ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి. పెట్టుకుని తల ఊపమనండి, కదిలితే బిగించండి. గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌కు పైకి పగులు కనిపించకపోయినా మార్చాల్సిందే.

బయల్దేరే ముందు రోజూ మూడు చూడాలి: టైర్లలో గాలి, రెండు బ్రేకులు, చైను. టైరులో ఎంత గాలి ఉండాలో దాని పక్క అంచు మీద రాసి ఉంటుంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఒక బెల్లు తప్పకుండా ఉండాలి. పుస్తకాల సంచి హ్యాండిల్‌కు తగిలించొద్దు. మలుపులో అది ఊగి చక్రంలో పడుతుంది. వెనక క్యారియర్ మీద కట్టాలి, లేదా రెండు భుజాలకూ వేసుకోవాలి. బరువు ఒంటి బరువులో పదిశాతం దరిదాపుల్లో ఉంటే మేలు. వదులు ప్యాంటు అంచు, షూ లేసులు చైనులోకి పోకుండా కట్టుకోవాలి.

ఇప్పుడు ఖాళీ మైదానంలో సాధన. తిన్నని గీత మీద తొక్కడం, అనుకున్న చోట ఆపడం, ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో సైగ చేయడం. వీటిలో కష్టమైనది, చాలామంది నేర్పనిది, వెనక్కి తిరిగి చూడటం. పిల్లలు తల తిప్పితే హ్యాండిల్ కూడా అటే తిరుగుతుంది, రోడ్డు మీద అది బండ్ల వైపు తిరిగినట్టే. దీనికి ఒక ఆట ఉంది. నేల మీద సుద్దముక్కతో పొడుగ్గా గీత గీయండి. పిల్లలు దాని మీద తొక్కుతూ వెళ్తుంటే మీరు వెనక నిలబడి చేతి వేళ్లు కొన్ని ఎత్తి "ఎన్ని?" అని అరవండి. తల తిప్పి చూసి, లెక్క చెప్పి, గీత తప్పకుండా వెళ్లాలి. మొదట్లో పాములా వంకరపోతారు. గీత మీద నిలిచి లెక్క కూడా తప్పకుండా చెబుతున్నారంటే రోడ్డుకు సగం సిద్ధమైనట్టే.

బ్రేకులు రెండూ కలిపి, మెల్లగా బిగించడం నేర్పండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే సైకిల్ మీద నుంచి ముందుకు పడతారు. తడి రోడ్డు మీద ఆగడానికి ఎక్కువ దూరం పడుతుందని ఒక వానరోజు మైదానంలోనే చూపించండి.

రోడ్డు మీద మొదటి రోజుల్లో పిల్లలు ముందు, మీరు వెనక, కాస్త బండ్లు వచ్చే వైపుకు జరిగి తొక్కండి. ఆగి ఉన్న కార్లకు ఒక మీటరైనా ఎడం ఉంచాలి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. లారీ, బస్సు మలుపు తిరిగేటప్పుడు పక్కన దూరకూడదు. ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. పక్కనున్న సైకిల్ డ్రైవరుకు అద్దంలోనూ కనిపించకపోవచ్చు. పెద్ద కూడలి వస్తే దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటడంలో నామోషీ ఏమీ లేదు.

7. ఉత్సాహం నిలవాలంటే

ప్రమాదాల వీడియోలు చూపించి భయపెట్టకండి. భయపడ్డ పిల్లలు రోడ్డు మీద గందరగోళపడతారు, మధ్యలో ఆగిపోతారు. స్నేహితుల కబుర్లు, దారిలో రోజూ కనిపించే చెట్టు, తనే ఎంచుకున్న బెల్లు, ఇవే వాళ్లను లాక్కెళ్తాయి. నడిచినందుకు బహుమతులివ్వడం నాకు నచ్చదు, బహుమతి ఆగిన రోజు నడకా ఆగుతుంది.

పొద్దుటి హడావిడి చూసుకోండి. రాత్రే సంచి సర్దుకుని, పది నిమిషాలు ముందే బయల్దేరితే సగం టెన్షన్ ఉండదు. వానలో గొడుగు అయినా, రెయిన్‌కోటు టోపీ అయినా పక్కచూపును మూసేస్తాయి. దాటే ముందు వాటిని పక్కకు జరిపి చూడటం అలవాటు చేయండి. చీకటి ముసిరే వేళల్లో లేత రంగు బట్టలు, సంచికి మెరిసే రిఫ్లెక్టర్ పట్టీ.

8. బడినీ, స్థానిక అధికారులనూ కదపండి

పిల్లలకు ఎంత నేర్పినా రోడ్డు చెడ్డదైతే భారమంతా వాళ్ల మీదే పడుతుంది. బడిని అడగదగ్గవి ఇవి: నడిచి, సైకిల్ మీద వెళ్లే పిల్లల్ని బండ్ల కన్నా ఐదు నిమిషాలు ముందు వదలడం, వాళ్లకి వేరే గేటు, తాళం వేసుకోగల సైకిల్ స్టాండు, గేటు ముందు బండ్లు ఆపనివ్వకపోవడం. ఇటలీలోని బొల్జానో నగరంలో బడి మొదలయ్యే, వదిలే వేళల్లో ఆ వీధిలోకి బండ్లు రాకుండా 1989లోనే ఏర్పాటు చేశారు. ఇప్పుడు లండన్, ప్యారిస్‌లలో కూడా అలాంటి బడి వీధులు చాలా ఉన్నాయి.

అధికారులకు రాసేటప్పుడు "మా పిల్లలకు రక్షణ కల్పించండి" అని రాస్తే ఏం చేయాలో ఎవరికీ అర్థం కాదు. ఒక చోటు, ఒక సమయం, ఒక కోరిక. ఏ మలుపు, పొద్దున ఎన్ని గంటల మధ్య, ఎంతమంది పిల్లలు దాటుతున్నారో మీరే నిలబడి లెక్కపెట్టి, ఫొటో జతచేసి, అక్కడ ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగో, వేగం 30కి తగ్గించే బోర్డూ స్పీడ్ బ్రేకరూనో అడగండి. దారిలో ఎక్కడ భయమేస్తుందో పిల్లలనే మ్యాపు మీద గుర్తు పెట్టమని, ఆ మ్యాపును కూడా పంపండి. పది కుటుంబాల సంతకాలు తీసుకుని, కాగితం అందినట్టు ముద్ర వేయించుకుని, ఒక నకలు దగ్గర ఉంచుకోండి. నెలలోపు కదలిక లేకపోతే ఆ నకలుతోనే మళ్లీ వెళ్లాలి.